మూడేళ్ల వాడకం తర్వాత: తాతయ్య ఎడారి నెగటివ్‌లు, నా ఫ్లాట్‌బెడ్ స్కానర్

మా తాతయ్య రైల్వేలో గార్డుగా చేశారు. 1973 డిసెంబరులో పాస్ మీద మామ్మను తీసుకుని జైసల్మేర్ వెళ్లొచ్చారు. తర్వాత మరో రెండుసార్లు బికనేర్, కచ్ వైపు తిరిగారు. ఆయన దగ్గరున్నది ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరా. 120 అనే వెడల్పాటి ఫిల్మ్ రోల్ వేస్తే పన్నెండు చదరపు ఫొటోలు వచ్చేవి. ఆయన పోయాక బిస్కెట్ల డబ్బాలో 26 రోల్స్ నెగటివ్‌లు దొరికాయి. వాటి కోసమే మూడేళ్ల క్రితం సెకండ్ హ్యాండ్‌లో ఈ స్కానర్ కొన్నాను. ఇప్పటికి 23 రోల్స్ అయ్యాయి.

కాగితాలు స్కాన్ చేసే మామూలు మెషీన్ దీనికి పనికిరాదు. నెగటివ్‌లోంచి వెలుగు దూరి రావాలి కాబట్టి మూతలోనూ లైటు ఉండాలి, 120 ఫిల్మ్‌కి సరిపడే హోల్డర్ ఉండాలి. పెట్టె మీద ఎంత పెద్ద డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలు చదువుతుందో చెప్పే) అంకె వేసినా నా మెషీన్‌లో 2400 దాటాక ఫైలు బరువెక్కడమే తప్ప కొత్తగా ఏమీ కనపడలేదు. అందుకే 2400 దగ్గరే, 16 బిట్ గ్రేస్కేల్‌లో (నలుపు తెలుపుల మధ్య ఛాయలు ఎక్కువగా పట్టే సెట్టింగు), వివరాలు పోని టిఫ్ ఫైలుగా దాస్తున్నాను. ఒక్కో ఫొటో 55 ఎంబీ దాకా వస్తుంది. దుమ్ము ఊదడం, హోల్డర్‌లో సర్దడం అన్నీ కలిపి ఒక రోల్‌కి ఒక ఆదివారం మధ్యాహ్నం పడుతుంది.

నన్ను బాగా ఇబ్బంది పెట్టింది ఆటో సెట్టింగులు. ఎడారి ఫొటోలో ముప్పాతిక వంతు ఇసుక, ఎండ. ఆటోలో వదిలేస్తే ఇసుక మీద గాలి గీసిన అలలన్నీ తెల్లగా కలిసిపోయేవి. హిస్టోగ్రామ్ (ఫొటోలో ఎంత చీకటి, ఎంత వెలుగు ఉందో చూపే గ్రాఫ్) రెండు చివరలూ చేత్తో సరిచేశాకే అవి బయటపడ్డాయి. దుమ్ము తీసేసే ఆప్షన్ ఇంకా ప్రమాదం. ఇన్‌ఫ్రారెడ్‌తో దుమ్మును కనిపెట్టే పద్ధతి బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌కి పనిచేయదు, అందులోని వెండి ఆ కిరణాలను అడ్డుకుంటుంది. ఇక మిగిలింది సాఫ్ట్‌వేర్ అంచనా వేసి చెరిపేసే పద్ధతి. జైసల్మేర్ దగ్గరి సమ్ అనే ఊరి ఇసుక తిన్నెల్లో తీసిన ఒక ఫొటోలో అది దూరపు తిన్నె మీది నల్ల చుక్కలు తీసేసింది. ఆప్షన్ ఆపి మళ్లీ స్కాన్ చేసి పెద్దది చేస్తే, అవి వరసగా వెళ్తున్న ఏడు ఒంటెలు! అప్పటికి పూర్తయిన నాలుగు రోల్స్ మొత్తం మళ్లీ చేశాను.

2023 జనవరిలో ఆ ఫొటోలు ప్రింట్ తీసుకుని జైసల్మేర్ వెళ్లాను. తాతయ్య నిలబడిన చోటే నిలబడాలని నా కోరిక. గడీసర్ చెరువు దగ్గర గంటసేపు తిరిగినా ఫొటోలోని గట్టు, నీళ్లలోని మండపం పొంతన కుదరలేదు. మామ్మకి వీడియో కాల్ చేసి ఫొటో చూపించాను. "ఒరేయ్, నేనెప్పుడన్నా కుడి భుజం మీద పైటేసుకున్నానా?" అంది. నెగటివ్‌ని తిరగేసి స్కాన్ చేశానన్నమాట. ఫోన్‌లోనే ఎడమను కుడి చేసుకుని నాలుగడుగులు వేశాను, చోటు దొరికింది. అప్పటినుంచి ఫిల్మ్ అంచున ఉండే అక్షరాలు, అంకెలు సరిగ్గా చదవడానికి వస్తున్నాయో లేదో చూడందే మూత వేయను.

జైసల్మేర్ దగ్గరి బడాబాగ్‌లో రాజుల ఛత్రీలు (స్మారక మండపాలు) ఫొటోలో ఉన్నట్టే ఉన్నాయి, కానీ వాటి వెనక ఆకాశం నిండా గాలిమరలు. సమ్ తిన్నెలు మాత్రం దేనికీ కలవలేదు. గాలికి జరిగే తిన్నెల్ని యాభై ఏళ్ల తర్వాత అక్కడే వెతకడం నా ఆశే.

ఒక ఫొటోలో మామ్మ కొమ్మలు లేని మోడు మీద చెయ్యి వేసి నిలబడింది. ఎండిన చెట్టనుకున్నాను. దారిలో ఒక పొలంలో రైతు అలాంటి చెట్టు కొమ్మలే నరుకుతున్నాడు. చలికాలంలో మేతకోసం నరుకుతారట, మళ్లీ చిగురిస్తుందట. వాళ్లు ఖేజ్‌డీ అంటారు. ఆకు చేతిలోకి తీసుకుంటే తెలిసింది, మన జమ్మి. దసరాకి ఇంట్లో బంగారమని పంచుకునే ఆకు. ఇంటికొచ్చాక మామ్మ చెప్పింది, తాతయ్యకి అప్పుడే తెలుసట, అందుకే అక్కడ ఆగి ఫొటో తీశారట.

లోపాలు చెప్పాలంటే, హోల్డర్ ప్లాస్టిక్ పలచన, ఒక గొళ్లెం రెండో ఏడాదే విరిగింది. చుట్టుకుపోయిన ఫిల్మ్ గాజుకి తగిలితే ఉంగరాల్లాంటి గీతలు పడతాయి. బరువైన పుస్తకాల కింద వారం రోజులు పెడితే చాలావరకు సాగుతుంది. యాభై ఫొటోలే ఉంటే స్టూడియోలో చేయించుకోండి. రెండు మూడొందలు ఉంటే కొనుక్కోండి. ఎక్కడ ఒంటె ఉందో, ఎక్కడ దుమ్ముందో స్టూడియో వాళ్లకి పట్టదు కదా.

మిగిలిన మూడు రోల్స్ వెనిగర్ వాసన కొడుతున్నాయి, అంటే ఫిల్మ్ బేస్ (బొమ్మను మోసే ప్లాస్టిక్ పొర) కుళ్లిపోతోంది. అవి కచ్‌వి. వేరే డబ్బాలో పెట్టాను. వచ్చే ఆదివారం వాటితోనే మొదలుపెడతాను.