కూపర్ దూకిన దారిలో: సియాటిల్ నుంచి కొలంబియా ఒడ్డు దాకా

1971 నవంబరు 24న, థాంక్స్‌గివింగ్ పండుగకు ముందు రోజు, పోర్ట్‌లాండ్‌లో నగదు చెల్లించి డాన్ కూపర్ పేరుతో టికెట్టు కొన్న నడివయసు వ్యక్తి ఒకడు నార్త్‌వెస్ట్ ఓరియంట్ వారి 305వ నంబరు విమానం ఎక్కాడు. తన పెట్టెలో బాంబు ఉందని బెదిరించి, సియాటిల్‌లో 2 లక్షల డాలర్లు, నాలుగు పారాచ్యూట్లు తెప్పించుకొని, ప్రయాణికులను అక్కడే దింపివేసి, మళ్ళీ బయలుదేరిన ఆ విమానం వెనుక మెట్ల మీదుగా రాత్రి ఎనిమిది దాటాక వాన చీకట్లోకి దూకేశాడు. అతడెవరో, బతికాడో లేదో నేటికీ తేలలేదు. ఎఫ్.బి.ఐ. 2016లో దర్యాప్తును నిలిపివేసింది. నవంబరులోనే వెళ్ళి ఆ దారి చూసి రావాలన్న కోరికతో మేము ఈ ప్రయాణం పెట్టుకున్నాము.

ఈ కథ మీద ఆసక్తి ఉన్నవారు ముందుగా చూడవలసింది అడవి కాదని, సియాటిల్‌లోని మ్యూజియం ఆఫ్ ఫ్లైట్ అని నా అభిప్రాయం. బోయింగ్ 727 రకంలో మొట్టమొదట తయారైన విమానం అక్కడే ఉంది. మూడు ఇంజన్లూ తోక దగ్గరే ఉండటం, మెట్లు సరిగ్గా తోక కిందికి దిగేలా అమర్చి ఉండటం దగ్గర నుంచి చూస్తే, కూపర్ ఈ రకం విమానాన్నే ఎందుకు ఎంచుకున్నాడో వేరే చెప్పనక్కరలేదు. పది వేల అడుగులు దాటకూడదని, చక్రాలు దించే ఉంచాలని, రెక్కల ఫ్లాపులు 15 డిగ్రీలకు వంచాలని అతడు పెట్టిన షరతులన్నీ విమానం తక్కువ ఎత్తులో, నెమ్మదిగా ఎగరడానికే. ఆ తరువాత ఈ రకం విమానాలకు, గాలి తాకిడికి తిరిగి మెట్లు తెరుచుకోకుండా అడ్డుపడే చిన్న రేకు ఒకటి బిగించారు. దానికి కూపర్ పేరే మిగిలిపోయింది. మ్యూజియం టికెట్టు ధర కొంచెం ఎక్కువే అయినా, సగం రోజు హాయిగా గడుస్తుంది, లోపల భోజనానికీ ఇబ్బంది లేదు.

అక్కడి నుంచి ఐ-5 రహదారి మీద దక్షిణంగా వుడ్‌ల్యాండ్ చేరి, లూయిస్ నది వెంట 503వ నంబరు రోడ్డు పట్టుకుంటే ఏరియల్ అనే చిన్న ఊరు వస్తుంది. 1972 వసంతంలో ఫోర్ట్ లూయిస్ సైనికులు సహా వందలాది మంది రోజుల తరబడి జల్లెడ పట్టింది ఈ ప్రాంతాన్నే. మెర్విన్ జలాశయం అడుగున కూడా వెతికించారు. పారాచ్యూట్ గుడ్డ ముక్క కూడా దొరకలేదు. రోడ్డు పక్కన కారు ఆపి చెట్లలోకి నాలుగు అడుగులు వేసేసరికి, నడుము దాకా పెరిగిన తడి ఫెర్న్ మొక్కల్లో నా బూట్లు నాకే కనబడలేదు. తలెత్తితే డగ్లస్ ఫర్ చెట్ల మధ్య ఆకాశం సన్నని చారలా ఉంది. పోర్ట్‌లాండ్ పక్కనున్న బీవర్టన్ నుంచి మాతో వచ్చిన మా బావమరిది, "బావా, మనిషి సంగతి దేవుడెరుగు, ఇక్కడ ఫోను జారిపడితే దాన్నయినా వెతకగలమా?" అన్నాడు. ఫోనుకు సిగ్నలు ఎలాగూ లేదు. ఊళ్ళో కూపర్ పేరిట ఏటా సంబరాలు జరిగేవని విని వెళ్ళాము గాని, మాకు కాఫీ దొరికే చోటు కూడా కనబడలేదు. పెట్రోలు, తినుబండారాలు వుడ్‌ల్యాండ్‌లోనే చూసుకోవడం మంచిది.

బస విషయంలో మాత్రం వుడ్‌ల్యాండ్‌ను నమ్ముకోవద్దు. మేము దిగిన మోటెల్‌లో హీటరు రాత్రంతా మోగింది, పొద్దున టిఫిను పేరుతో పెట్టినది ఒక్క చల్లని రొట్టె. మరునాడు వాంకూవర్‌కు మారిపోయాము. కెనడాలోని వాంకూవర్ కాదు, పోర్ట్‌లాండ్‌కు ఎదురుగా కొలంబియా నదికి ఇవతల ఉన్నది. గదులు శుభ్రంగా ఉన్నాయి, పార్కింగుకు విడిగా డబ్బు అడగలేదు, శాకాహారులకు కావలసినది బీవర్టన్, హిల్స్‌బరో వైపు వెళితే దొరుకుతుంది. ఇంటెల్ పుణ్యమా అని ఆ వైపు తెలుగు కుటుంబాలకు కొదవ లేదు.

వాంకూవర్‌లో దిగడానికి అసలు కారణం కొలంబియా నది ఒడ్డున టీనా బార్ అనే ఇసుక మేట. 1980 ఫిబ్రవరిలో ఎనిమిదేళ్ళ బాలుడొకడు ఈ ఇసుక ఒడ్డున నెగడు వేయడానికి చోటు చదును చేస్తూ, కుళ్ళిపోయిన మూడు నోట్ల కట్టలు బయటికి తీశాడు. మొత్తం 5,800 డాలర్లు. నంబర్లు కూపర్‌కు ఇచ్చిన నోట్లతో సరిపోయాయి, రబ్బరు బ్యాండ్లు ఇంకా చుట్టే ఉన్నాయి. ఆ స్థలం ప్రైవేటుది కనుక గేటు దాటి వెళ్ళవద్దు. దగ్గరలోనే ఫ్రెంచ్‌మన్స్ బార్ పార్కు ఉంది, పార్కింగు రుసుము కట్టి అదే ఇసుక, అదే నది చూడవచ్చు. సముద్రపు ఓడలు వెళ్ళినప్పుడల్లా అలలు ఒడ్డును ఎంత బలంగా కోస్తున్నాయో చూశాక, కట్టలు ఎనిమిదేళ్ళకు పైగా అక్కడే ఉన్నాయన్న మాట మీద నాకు నమ్మకం సడలింది.

మ్యాపు ముందు పెట్టుకుంటే చిక్కు ఇంకా ముదురుతుంది. లూయిస్ నది టీనా బార్‌కు దిగువన కొలంబియాలో కలుస్తుంది. అంటే ఏరియల్ దగ్గర పడిన డబ్బు నీటికి ఎదురీది ఇక్కడికి రాలేదు. అందుకే కూపర్ ఇంకా తూర్పున, వాషోగల్ నది వైపు దిగి ఉంటాడని తరువాత కొందరు వాదించారు. ఆ నది వాంకూవర్‌కు ఎగువన కలుస్తుంది కనుక లెక్క కొంత కుదురుతుంది. నాకూ అదే నమ్మదగినదిగా తోచింది.

సమయం తక్కువ ఉన్నవారు మ్యూజియం, ఫ్రెంచ్‌మన్స్ బార్ చూసి ఏరియల్‌ను వదిలేసినా నష్టం లేదు. వేసవిలో వెళ్ళేవారైతే ఏరియల్ దాటి కూగర్ మీదుగా సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతం వైపు సాగి, ఏప్ కేవ్ లావా గుహను కూడా కలుపుకోవచ్చు. దానికి మాత్రం ముందుగా ఆన్‌లైన్‌లో సమయం బుక్ చేసుకొని, ఆ కాగితాన్ని సిగ్నలు ఉండగానే ఫోనులో దాచుకోండి.