పాత కారుకు సీఎన్‌జీ కిట్: లక్ష కిలోమీటర్లు తిరిగాక

2018లో మా బీఎస్4 (పొగ మీద పెట్టిన ప్రమాణాల్లో ఒకటి) పెట్రోల్ కారుకు 50 వేలు పెట్టి సీక్వెన్షియల్ కిట్, అంటే ఇంజన్‌లో ఒక్కో సిలిండర్‌కు వరసగా గ్యాసు అందించేది, వేయించాను. రోజూ విజయవాడ నుంచి గుంటూరు వెళ్లి రావాలి, 70 కిలోమీటర్లు. లీటరుకు 16 ఇచ్చే బండి కిలో గ్యాసుకు 24 ఇచ్చింది. ఏడాది దాటేసరికి కిట్ డబ్బులు వచ్చేశాయి.

పొగ సంగతికొస్తే, లీటరు పెట్రోలు కాలితే దాదాపు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. కిలో సీఎన్‌జీకి 2.7. ఆ లెక్కన నా బండి కిలోమీటరుకు వదిలేది 144 గ్రాముల నుంచి 113కు దిగింది. ఐదో వంతు తగ్గింది, అంతే. "పొల్యూషనే ఉండదు సార్" అని కిట్ అమ్మినాయన చెప్పినంత సీనేమీ లేదు. ఢిల్లీ బస్సులకు పేరొచ్చిందంటే అవి డీజిల్ నుంచి మారాయి కాబట్టి. పెట్రోలు కారుకు నల్లపొగ ముందే లేదాయె. టైర్లు, బ్రేకులు అరిగి రాలే దుమ్ము ఏది పోసినా రాలుతుంది.

మూడో ఏడు బానెట్ ఎత్తితే గ్యాసు వాసన. కిట్ వేసిన చోట అడిగితే "ఎండాకాలం మామూలేనండీ" అన్నారు. మనసొప్పక ఇంటికొచ్చి సర్ఫు నురగ రాసి చూశాను. గ్యాసు ఒత్తిడి తగ్గించే రెగ్యులేటర్ దగ్గర జాయింటులో సన్నటి బుడగలు, ఒకదాని వెనక ఒకటి. వేరే మెకానిక్ పది నిమిషాల్లో సరిచేశాడు. నిప్పు భయం సరే, సీఎన్‌జీలో ఎక్కువ భాగం మీథేనే, కాలకుండా గాల్లో కలిసే మీథేన్ వందేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే 28 రెట్లు వేడి పెంచుతుంది. నేను వాడే గ్యాసులో నూటికి మూడు వంతులు అలా లీకైతే చాలు, తగ్గిన 31 గ్రాములూ గోవిందా. అప్పట్నుంచి ప్రతి సర్వీసుకూ నురగ రాసి చూపించమంటాను.

ఏసీ వేసి ఫ్లైఓవర్ ఎక్కితే పికప్ తెలిసిపోతుంది. మూడేళ్లకోసారి సిలిండర్ విప్పించి హైడ్రో టెస్ట్ (నీటి ఒత్తిడితో తట్టుకుంటుందో లేదో చూడటం) చేయించాలి. కిట్ ఆర్సీలో ఎక్కించుకోవడం మర్చిపోవద్దు. డిక్కీ మొత్తం సిలిండరే. సంక్రాంతికి ఊరెళ్తే బ్యాగులు వెనక సీట్లో, పిల్లలు బ్యాగుల మీద.

మొన్న మా బావమరిది తనూ వేయిస్తానన్నాడు. రోజుకు ఎంత తిరుగుతావురా అంటే పన్నెండు కిలోమీటర్లన్నాడు. ముందు టైర్లలో గాలి కొట్టించి, ఎయిర్ ఫిల్టర్ మార్పించమన్నాను. మొహం మాడ్చుకున్నాడు.