తోకకింత వెలా, ఊరంతా ఒకేసారి ఎరా?

తెనాలి చుట్టుపక్కల వరి పొలాల్లో ఎలుకల బెడదకు రెండు మార్గాలు కనిపిస్తాయి: పట్టిన ఎలుకకు ఇంత అని చెల్లించడం, లేదా ఊరంతా కలిసి ఒకేసారి విషపు ఎర పెట్టడం.

మొదటి పద్ధతికి ప్రభుత్వాల చరిత్రలో పెద్ద అధ్యాయమే ఉంది. గొర్రెలను కాపాడాలని ఆస్ట్రేలియా దగ్గరి టాస్మానియా ద్వీప ప్రభుత్వం 1888 నుంచి 1909 వరకు, చంపిన పెద్ద థైలసిన్ (వీపున చారలుండే, కుక్కలాంటి మాంసాహార జంతువు) ఒక్కింటికి ఒక బ్రిటిష్ పౌను చొప్పున ఇచ్చింది; ఆ జాతిలో మనకు తెలిసిన చివరి జంతువు 1936లో అక్కడి హోబార్ట్ నగర జంతు ప్రదర్శనశాలలో చనిపోయింది. వియత్నాంలోని హనోయిలో 1902లో ఫ్రెంచి పాలకులు తోకకు డబ్బిస్తే, కొందరు తోక కోసుకుని ఎలుకను మళ్లీ పిల్లలు పెట్టడానికి వదిలేశారు. నెమ్మదిగా పెరిగే జంతువును అంతరింపజేయడంలో పాలుపంచుకున్న పద్ధతే, గంపెడు పిల్లలు పెట్టే ఎలుక ముందు ఓడిపోయిందన్నది నన్ను కలచివేసే విషయం.

రెండో మార్గంలో లెక్క తోకలది కాదు, కన్నాలది. మొదటి రోజు గట్ల మీది కన్నాలన్నిటినీ మట్టితో మూసి, మర్నాడు తెరుచుకున్నవాటిలోనే ఎర పెడతారు: 96 పాళ్ల నూకలు, 2 పాళ్ల నూనె, 2 పాళ్ల బ్రోమాడయోలోన్ అనే ఎలుకల మందు పొడి. పక్క రైతు కలిసిరాకపోతే ఎలుకలు అతని గట్టు నుంచే తిరిగి వస్తాయి కనుక నేను దీనికే మొగ్గు చూపుతాను. అయితే వరి పొట్ట దశకు చేరాక ఎలుక ఎరను అంతగా ముట్టదు. అప్పుడు ఎలుకలను పట్టడానికి తాటాకు బుట్టలు పెట్టే యానాదుల నైపుణ్యానికి న్యాయమైన కూలి ఇవ్వడమే మేలు.