జామాయిల్ తోటలో చైన్ రంపం: ఏడేళ్లు వాడాక

బూర్గంపాడు మండలంలో మాకు ఆరెకరాల జామాయిల్ ఉంది. 2014లో మూడు మీటర్లకు రెండు మీటర్ల ఎడంతో వేశాం, ఎకరానికి సుమారు 670 మొక్కలు పట్టాయి. 2018లో మొదటి కోతకు వచ్చేసరికి కోత ముఠాలు దొరకడం కష్టమైంది. అప్పుడే 26 వేలు పెట్టి పెట్రోలు చైన్ రంపం కొన్నాను. చైను చుట్టూ తిరిగే 18 అంగుళాల బ్లేడు, టూ స్ట్రోక్ ఇంజను. 2018, 2022 కోతలు రెండూ దీంతోనే చేశాం. గట్ల మీద చెట్లు, చుట్టుపక్కల రైతుల పనులు వేరే.

మిషన్ మంచిదే. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు తాడు మూడోసారి లాగేసరికి అందుకుంటుంది. లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్ కొలిచి పోస్తాను, కంటి అంచనాతో ఎప్పుడూ పోయలేదు. ఇంజను ఇంతవరకు విప్పలేదంటే దానివల్లేనని నా నమ్మకం. ఇన్నేళ్లలో ఐదు చైన్లు, ఒక బ్లేడు మార్చాను, స్టార్టర్ తాడు రెండుసార్లు తెగింది. జామాయిల్ బెరడు పీచు ఎయిర్ ఫిల్టర్‌ను తొందరగా మూసేస్తుంది కాబట్టి సాయంత్రం ఇంటికొచ్చాక దాన్ని దులపనిదే నిద్రపోను.

పదును విషయం మాత్రం చెప్పి తీరాలి. కోస్తుంటే రంపపు పొట్టు పేలికల్లా రాలితే చైను పదునుగా ఉన్నట్టు. పిండిలా రాలుతోందంటే మొండిబారింది, వెంటనే ఆపాలి. నా చైనుకు 4.8 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి సరిపోతుంది. పెట్రోలు పోసిన ప్రతిసారీ పంటి పంటికీ రెండు రుద్దులు, అన్నీ ఒకే వాలులో. ఒక పక్క పళ్లు ఎక్కువ అరిగితే కోత వంకరగా పోతుంది.

అమ్మిన కొట్టు మీద నా బాధ ఒక్కటే. పెట్రోలు కలపడం, స్టార్ట్ చేయడం చూపించి చేతిలో పెట్టేశారు. చెట్టు ఎలా పడెయ్యాలో ఒక్క ముక్క చెప్పలేదు. మొక్క నాటడానికి సలహాలిచ్చేవాళ్లు మాకు బోలెడంతమంది: ఏ క్లోను (మొక్క రకం), ఎంత ఎడం, ఏ ఎరువు. కోత నేర్పేవాళ్లు లేరు.

దాని ఫలితం రెండో వారంలోనే చూశాను. గట్టు మీద కాలవ వైపు బాగా వాలిన ముదురు చెట్టు. పడే వైపు ముందు గాటు పెట్టకుండా వెనక నుంచే కోతకు దిగాను. బ్లేడు సగం దిగిందో లేదో, ఫట్‌మని మాను నిలువునా తలెత్తు దాకా చీలింది. వెనక సగం పైకి లేచి నా భుజాన్ని రాసుకుంటూ పోయింది. చెట్టు కాలవలో పడింది, మిషన్ ఇంకా చేతిలో తిరుగుతూనే ఉంది. ఆ రోజు ఇంటికి వచ్చాక అన్నం తినలేకపోయాను.

తర్వాత టింబర్ డిపోల్లో పనిచేసి వచ్చిన ఒక పెద్ద మేస్త్రిని బతిమాలి రెండు రోజులు తోటలో నిలబెట్టుకున్నాను. మొదటి పూట మిషన్ ముట్టనివ్వలేదు. ప్రతి చెట్టు దగ్గరా ఒకటే ప్రశ్న: "ఇదెటు పడాలో చెప్పండి బాబూ. పడేటప్పుడు మీరెటు పోతారో కూడా చెప్పండి." పడే వైపు ముందు గాటు, అది మాను మందంలో నాలుగో వంతు. వెనక కోత ఆ గాటు కంటే కాస్త పైన. ఆ రెండిటి మధ్య మాను మందంలో పదో వంతు కర్ర కోయకుండా వదలాలి, చెట్టును తిప్పి పడేసేది ఆ ముక్కే. వాలిన చెట్టయితే ముందు గాటు పెట్టాక బ్లేడును మాను మధ్యలోకి గుచ్చి, వెనక కొంత పట్టు మిగిల్చి, దాన్ని చివర్లో కొయ్యాలి. గుచ్చేటప్పుడు బ్లేడు కొస పైభాగం తగిలితే మిషన్ మొహం మీదికి తంతుంది, కింది భాగంతోనే మొదలుపెట్టాలి. చెట్టు కదలగానే ఏటవాలుగా వెనక్కి వచ్చెయ్యాలి. సహాయకుడు రెండు చెట్ల పొడవు దూరంలో ఉండాలి.

ఆయన నేర్పిన ఇంకో సంగతి డబ్బుకు సంబంధించింది. ఆయన వచ్చేలోపే రెండెకరాలు మోకాలెత్తులో కోసేశాను, వంగితే నడుం నొప్పని. జామాయిల్ మోడు నుంచి మళ్లీ పిలకలొచ్చి, నాలుగేళ్లకు రెండో పంట ఇవ్వాలి. ఎత్తు మోళ్ల పిలకలకు పట్టు చాలక ఈదురుగాలికి అతుకు దగ్గరే ఊడిపోయాయి. మిగతా నాలుగెకరాల్లో నేలకు బెత్తెడు ఎత్తున, నీళ్లు జారేలా కాస్త వాలుగా, బెరడు చెదరకుండా కోశాం. మోడుకు రెండు పిలకలే ఉంచాం. 2022లో ఆ నాలుగెకరాలు నిండుగా వచ్చాయి. ఎత్తుగా కోసిన రెండెకరాల్లో ఒక ట్రాక్టరు లోడుకు పైనే తగ్గింది.

ఇబ్బందులు లేకపోలేదు. రెండు గంటలు ఆపకుండా పట్టుకుంటే వేళ్లు తిమ్మిరెక్కుతాయి. మంచి కోత రోజుల్లో క్లచ్ డ్రమ్ము పోతే, ఆ విడిభాగం కోసం మూడు వారాలు తిరిగాను.

కొనేవాళ్లకు నా మాట: మిషన్ ధరలో మూడో వంతు పక్కన పెట్టి హెల్మెట్, చెవి మూతలు, చైను తగిలితే లోపలి పోగులు చుట్టుకుని దాన్ని ఆపేసే రక్షణ ప్యాంటు కొనండి. ఎండాకాలం ఉడికిపోతాం, నిజమే. అయినా అది లేకుండా నేను కోయను, మా మనుషుల్ని కోయనివ్వను.

2026లో మూడో కోత. మా తమ్ముడి కొడుకు మిషన్ పడతానంటున్నాడు. వాడికి సరిపడా ప్యాంటు తెచ్చాను, మేస్త్రితోనూ మాట్లాడాను. మొదటి పూట వాడూ వట్టి చేతులతోనే తోటంతా తిరగాలి.