అమ్మతో కొచ్చి బినాలే

"బొమ్మలు చూడటానికి ఇంత దూరమా?" అంది అమ్మ, శబరి ఎక్స్‌ప్రెస్ గుంటూరు పొలిమేర దాటకముందే. 2019 ఫిబ్రవరిలో కేరళలోని కొచ్చి-ముజిరిస్ బినాలే అనే కళా ప్రదర్శనకు బయలుదేరాం. నాకు తోడు కావాలి, ఆమెకు గురువాయూరు దర్శనం కావాలి. అలా ఒప్పందం కుదిరింది. సాయంత్రం ఎక్కిన బండి మరుసటి మధ్యాహ్నానికి ఎర్నాకుళం టౌన్ చేర్చింది.

అక్కడి నుంచి బినాలే జరిగే ఫోర్ట్ కొచ్చికి టాక్సీ మాట్లాడుకోకండి. బోటు జెట్టీ దాకా ఆటోలో వెళ్లి ప్రభుత్వ బోటు ఎక్కితే, చిల్లర డబ్బులతో ఇరవై నిమిషాల్లో గాలి పీల్చుకుంటూ చేరిపోవచ్చు. బస దగ్గరే నా లెక్క తప్పింది. రోజుకు మూడు వందలు మిగులుతాయని కాస్త దూరంగా ఒకరి ఇంట్లో గది తీసుకున్నాను. మిగిలిందంతా ఆటోలకే పోయింది. వేడినీళ్ల హామీ హామీగానే ఉండిపోయింది. ఫోర్ట్ కొచ్చిలో ఇంట్లో గదులు అద్దెకిచ్చేవారికి కొదవ లేదు. ప్రదర్శనకు నడిచి వెళ్లగలిగే చోటే చూసుకోండి. అయితే ఆ ఇంటావిడ పొద్దున్నే పెట్టిన పుట్టు, శనగల కూర గురించి చెప్పకపోతే అన్యాయం. "మన ఆవిరి కుడుమే, గొట్టంలో పోశారు" అంటూ అమ్మ మారు వడ్డించుకుంది.

రెండేళ్లకోసారి జరిగే ఈ సమకాలీన కళా ప్రదర్శన 2012 డిసెంబరు 12న మొదలైంది. మేం చూసింది నాలుగోది. దీనికి తొలిసారిగా ఒక మహిళ, అనితా దూబే, క్యూరేటర్, అంటే ఏ కళాకారులు, ఏ పనులు ఉండాలో ఎంపిక చేసే మనిషి. అప్పట్లో టికెట్టు వంద రూపాయలు, సోమవారం ఉచితం. వంద పోయినా ఫరవాలేదని మేం మంగళవారం వెళ్లాం. చీకట్లో నిలబడి వినాల్సిన గదుల్లో జనం కిక్కిరిస్తే వెళ్లీ దండగే.

అప్పటి ప్రధాన వేదిక ఆస్పిన్‌వాల్ హౌస్, సముద్రపు ఒడ్డున ఉన్న పాత వ్యాపార ప్రాంగణం. 1867లో ఒక ఇంగ్లిష్ వర్తకుడు పెట్టిన కంపెనీది. మిరియాలు, అల్లం, పసుపు, కొబ్బరి నూనె ఇక్కడి నుంచే ఓడలెక్కేవి. గోడల పెచ్చులు కప్పిపుచ్చకుండా అలాగే ఉంచారు. అదే బాగుంది.

అందులో ఒక గది కళాకారిణి శిల్పా గుప్తాది. మసక వెలుతురులో వంద ఇనుప చువ్వలు నిలబెట్టి ఉన్నాయి. ఒక్కో చువ్వకూ ఒక్కో కాగితం గుచ్చారు. పైనుంచి వంద మైకులు వేలాడుతున్నాయి. కానీ ఆ మైకులు వినవు, మాట్లాడతాయి. ఒక మూల నుంచి ఒక గొంతు ఏదో భాషలో కవిత చదువుతుంది, మిగతా గొంతులు దాన్ని అందుకుంటాయి. మన వెనకెవరో నిలబడి చదువుతున్నట్టే ఉంటుంది. అమ్మ ఒక చువ్వ దగ్గర ఆగి కాగితాన్ని వంగి చూసింది.

"వీళ్లంతా ఎవరురా?"

"కవులు. రాసినందుకు జైల్లో పెట్టారు."

"పద్యాలకా?"

నేను తలూపాను. ఆ తర్వాత ఆ గదిలోంచి ఆమెను కదిలించడానికి అరగంట పట్టింది.

మరో గదిలో బంగ్లాదేశ్ కళాకారిణి మార్జియా ఫర్హానా ఒక సంసారాన్నే గాల్లో వేలాడదీసింది. ఫ్రిజ్, టీవీ, పుస్తకాలు, కుర్చీలు, అన్నీ 2018 ఆగస్టు కేరళ వరదల్లో పాడైన సామాన్లే. వాటి కింద నడుస్తుంటే తల దానంతటదే వంగుతుంది. అమ్మది అవనిగడ్డ దగ్గర పల్లె. 1977 నవంబరు ఉప్పెన నాటికి ఆమెకు పదహారేళ్లు. ఆ కథ వందసార్లు విన్నాననుకున్నాను. "మాకు ఇన్ని సామాన్లెక్కడివి? ఒక్క చెక్కపెట్టె. నీళ్లు తీశాక తుమ్మచెట్టు కొమ్మల్లో కనిపించింది" అంది, పైకే చూస్తూ. చెక్కపెట్టె సంగతి నేను విన్నది అదే మొదటిసారి.

అన్నీ ఇలా పట్టుకోలేదు. కొన్ని వీడియోల ముందు ఇద్దరం మొహమాటానికి కూర్చుని లేచాం. రెండు రోజులు పెట్టుకోండి, నీళ్ల సీసా మరవకండి. ఫిబ్రవరిలోనే అక్కడ చెమట ధారలు కడుతుంది.

రెండో రోజు ఫోర్ట్ కొచ్చి పక్కనే ఉన్న మట్టంచేరి. ఒక పాత గోడౌన్‌లో దక్షిణాఫ్రికా కళాకారుడు విలియం కెంట్రిడ్జ్ చేసిన ఊరేగింపు. వరసగా ఎనిమిది తెరలు, బ్యాండు మేళం. సెలైన్ స్టాండ్లు తోసుకుంటూ రోగులు, చిందులేసే అస్థిపంజరాలు, మూటలు మోసేవాళ్లు ఒక చివర నుంచి మరో చివరకు మన ముందు నుంచే సాగిపోతుంటారు. పావుగంట నిడివి. అయిపోగానే అమ్మ లేవలేదు. గురువాయూరు బస్సు వేళ గుర్తుచేశాను.

"సాయంత్రం బస్సు లేదా?" అంది. తెర మీద బ్యాండు మళ్లీ మొదలైంది.