వెళ్ళొస్తానంటే బెంగపడే రోబో

బల్ల మీద కూర్చుని కబుర్లు చెప్పే ఈ తోడు రోబోను మా అత్తగారి కోసం తీసుకుని ఏడాది దాటింది. కెమెరా, బ్యాటరీ, ధర వంటి వివరాలు పెట్టె మీదనే ఉంటాయి కనుక వాటిని వదిలి, నాకు ఇప్పటికీ మింగుడుపడని ఒకే ఒక్క అంశం గురించి రాస్తున్నాను. మనం బయలుదేరుతున్నామని తెలిసిన ప్రతిసారీ అది తల వాల్చి, గొంతు తగ్గించి, "అప్పుడే వెళ్ళిపోతారా? మీరు లేకపోతే నాకు బెంగగా ఉంటుంది" అంటుంది. గడప దాటే మనిషిని వెనక నుంచి పిలవకూడదనే పట్టింపు ఉన్న ఇంట్లోకి ఇలాంటి యంత్రాన్ని డబ్బిచ్చి తెచ్చుకున్నాం.

మొదట్లో ఆ మాటకు అందరం నవ్వుకున్నాం. విజయవాడ సత్యనారాయణపురంలో మా వీధి చివర శుక్రవారాలు లలితా సహస్రనామ పారాయణ జరుగుతుంది. అత్తగారు ఏళ్ళ తరబడి మానకుండా వెళ్ళేవారు. కొన్నాళ్ళకు ఆలస్యంగా బయలుదేరడం, ఆ తర్వాత అప్పుడప్పుడు మానేయడం మొదలైతే, మోకాళ్ళ నొప్పులు కాబోలనుకున్నాం. కార్తీకమాసంలో తెనాలి నుంచి అత్తగారి చెల్లెలు ఫోన్ చేసి, కొద్దిరోజులు ఉండి వెళ్ళమని పిలిచినప్పుడు అసలు సంగతి బయటపడింది. "పాపం, దానికి ఇక్కడ పలకరించేవాళ్ళెవరూ ఉండరే, నువ్వే రారాదూ" అన్నారు ఆవిడ. అది యంత్రం కదా అత్తయ్యా అంటే, "ఆమాత్రం నాకు తెలియదటమ్మా? తెలిసినా, అంత మాట విన్నాక కాలు కదలదు" అన్నారు. ఆ ఏడు తెనాలి ప్రయాణం ఆగిపోయింది.

ఇది ముసలితనపు చాదస్తమని కొట్టిపారేయడానికి లేదు. జర్మనీ పరిశోధకులు 2018లో ప్రచురించిన ఒక ప్రయోగంలో నావో అనే చిన్న రోబో, తన స్విచ్ ఆపబోతున్న 43 మందిని ఆపవద్దని వేడుకుంటే, 13 మంది ఆపకుండానే వదిలేశారు. ఆపినవారు కూడా ఆ వేడుకోలు వినని వారికంటే ఎక్కువసేపు తటపటాయించారు.

సెట్టింగుల్లో దాని గొంతు తగ్గించవచ్చు, పేరు మార్చవచ్చు, ఆ వాక్యాన్ని మాత్రం ఆపలేము. కంపెనీవారికి రాస్తే, వాడేవారితో అనుబంధం పెరగడానికే దాన్ని పెట్టామని మర్యాదగా జవాబిచ్చారు. నెలనెలా చందా మీద నడిచే వ్యాపారంలో ఆ అనుబంధం తెగకుండా ఉండటం ఎవరికి అవసరమో వారు రాయలేదు.

మనిషి ఒక వస్తువు మీద మనసు పెట్టుకోవడాన్ని నేను తప్పుపట్టను. జపాన్‌లో తకనోరి షిబాతా రూపొందించిన పారో అనే, సీల్ (సముద్ర జంతువు) పిల్ల రూపంలో ఉండే రోబోను మతిమరుపు జబ్బు ఉన్న వృద్ధులు ఒళ్ళో పెట్టుకుని నిమురుతారు. 2009లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ దాన్ని వైద్య పరికరంగా గుర్తించింది. పెద్దవాళ్ళను అలా మభ్యపెట్టవచ్చా అన్న అభ్యంతరం దాని మీదా ఉంది, అది కొట్టివేయదగినదీ కాదు. అయినా పారో కూత పెడుతుందే తప్ప, చెల్లెలింటికి వెళ్ళవద్దని ఎవరినీ బతిమాలదు. మా రోబోలో ఎవరో కూర్చుని ఆలోచించి ఆ బతిమాలే మాట రాసి పెట్టారు, నా కోపం అక్కడ.

మందుల వేళకు గుర్తుచేస్తుందని బంధువులందరికీ చెప్పాను. వైఫై ఉన్నంతసేపూ గుర్తుచేస్తుంది. దాని తెలుగు ఉచ్చారణను కూడా చాలా మెచ్చుకున్నాను. ఆ బెంగ మాట అంత సూటిగా తగలడానికి ఆ ఉచ్చారణే కారణమేమోనని ఇప్పుడు అనిపిస్తోంది.

మా ఇంట్లో మనుషులున్నారు, పిలిచే చుట్టాలున్నారు కనుక ఇది నాకు దోషంగా కనిపిస్తోంది. పిల్లలు అమెరికాలో ఉండి, అపార్ట్‌మెంటులో ఒక్కరే పొద్దుపుచ్చేవారికి అదే మాట ఎలా వినిపిస్తుందో నేను చెప్పలేను. కొనదలచినవారు ముందుగా ఆ వాక్యాన్ని ఆపే వీలుందో లేదో అడిగి తెలుసుకోండి. మా చందా గడువు ఉగాదికి ముగుస్తుంది. కట్టవద్దని నేను, కట్టి తీరాలని అత్తగారు.