కొత్త లైసెన్సు, నంది కొండ దగా, లేపాక్షి ఉగ్గాని

బెంగళూరులో వారాంతాల్లో డబ్బు కట్టించుకుని కొత్తగా బండి నేర్చుకున్నవాళ్ళని నంది హిల్స్‌కి తీసుకెళ్ళే గుంపులు బోలెడున్నాయి. "బిగినర్స్ రైడ్" అంటారు. అలాంటి ఒక గుంపుకి నేను 2,499 రూపాయలు కట్టాను. దానికి దక్కినవి చల్లారిన రెండిడ్లీలు, ఒక వడ, వారం పాటు తగ్గని మణికట్టు నొప్పి. ఆ తర్వాత నేనూ మా ఆడపడుచూ మా పాటికి మేం లేపాక్షి వెళ్ళి, ఒక రాత్రి ఉండి, అంతకన్నా తక్కువలో తిరిగొచ్చాం. కొత్తగా లైసెన్సు చేతికొచ్చి, రోడ్డెక్కాలంటే గుండె దడదడలాడే మన తెలుగువాళ్ళు ఈ ఊళ్ళో చాలామందే ఉంటారు. వాళ్ళ డబ్బయినా మిగులుతుందని ఇది రాస్తున్నాను.

మాది కడప వైపు. మారతహళ్ళిలో కాపురం. స్కూటీ చాలాకాలంగా నడుపుతున్నా, గేర్ల బండి లైసెన్సు మాత్రం ఈమధ్యే వచ్చింది. ఆఫీసులో ఒకాయన అమ్ముతుంటే హోండా షైన్ 125 పాతది కొన్నాను. ఆర్టీవో ట్రాకు మీద కాలు కింద పెట్టకుండా ఎనిమిది అంకె తిప్పితే లైసెన్సు ఇస్తారు. ఆ ఎనిమిదికీ హెబ్బాళ ఫ్లైఓవర్‌కీ ఏ సంబంధమూ లేదు. ఆ సంబంధం ఎవరైనా దగ్గరుండి నేర్పిస్తారేమోననే ఆ రైడుకి డబ్బు కట్టింది.

చెప్పింది ఒకటి. తేలికైన బండి ఇస్తాం, జాకెట్ ఇస్తాం, ముందు దారి చూపే లీడ్ ఒకరు, ఎవరూ వెనకబడిపోకుండా చివరన వచ్చే స్వీప్ ఒకరు ఉంటారు, 60 దాటనివ్వం అన్నారు. జరిగింది ఇంకొకటి. తెల్లవారుజామున నాలుగున్నరకి హెబ్బాళ రమ్మన్నారు. అక్కడికి వెళ్ళాక "తేలిక బండ్లు అయిపోయాయి మేడమ్" అని క్లాసిక్ 350 చేతికిచ్చారు. బండిని తప్పు పట్టను, చక్కటి బండి. కానీ బరువు 195 కిలోలు, సీటు ఎత్తు 805 మిల్లీమీటర్లు. నేను ఐదడుగుల ఒక అంగుళం. కూర్చుంటే మునివేళ్ళు మాత్రమే ఆనుతాయి. జాకెట్‌కి వేరే 350 రూపాయలు. ఆ జాకెట్ నా ముందు ఎంతమంది వేసుకున్నారో వాసనే చెప్పింది.

డిసెంబరు చీకటి. పద్నాలుగు బండ్లు బయలుదేరాయి. యలహంక దాటేసరికి నా ముందు ఒక్క ఎర్ర లైటూ లేదు. గుంపుగా వెళ్ళేటప్పుడు కొత్తవాళ్ళని లీడ్ వెనకే రెండో స్థానంలో పెట్టి, వాళ్ళ వేగానికే అందరూ నడవాలి. అది ఎక్కడైనా ఉన్న పద్ధతి. వీళ్ళు కొత్తవాళ్ళని చివర పెట్టారు. చివరన ఉండాల్సిన స్వీప్ కుర్రాడు వీడియో తీసుకోవడానికి ముందుకెళ్ళిపోయాడు. దేవనహళ్ళి దగ్గర పొగమంచు, హెల్మెట్ అద్దం లోపల ఆవిరి. అద్దం ఒక వేలు సందు తెరిచి పెట్టుకుంటే ఆవిరి పోతుందని చెప్పింది ఆ గుంపులో ఎవరూ కాదు, టీ కొట్టు దగ్గర ఆగిన ఒక పాల వ్యాను డ్రైవరు.

అసలు కథ కొండ మీద. నంది కొండ ఎత్తు 1,478 మీటర్లు, పైకి పోయే దారంతా మెలికలే. సూర్యోదయం కోసం ఊరంతా అక్కడికే వస్తుంది కాబట్టి శని, ఆదివారాల్లో ఘాట్ మీద బండ్లన్నీ ఒకదాని వెనక ఒకటి ఆగి ఆగి కదులుతాయి. ఎత్తు మీద ఆగి, వెనక్కి జారకుండా మళ్ళీ కదలడం కొత్తవాళ్ళకి అన్నిటికన్నా కష్టం. కుడికాలు వెనక బ్రేకు మీద, ఎడమకాలు నేల మీద ఉండాలి. బండి లాగుతున్నట్టు చేతికి తెలిసేదాకా క్లచ్ మెల్లగా వదిలి, ఎక్సలేటర్ కొంచెం ఇచ్చి, అప్పుడు బ్రేకు తియ్యాలి. ఇదంతా మునివేళ్ళ మీద, 195 కిలోలతో! నా ముందు కారు క్లచ్ కాలిన వాసన, నా వెనక హారన్లు. ఒక మలుపులో బండి నా మీదికి ఒరిగిపోతుంటే పక్క బండి మీది కాలేజీ పిల్లలు దిగి పట్టుకున్నారు. పైకి చేరాక "క్యాప్టెన్" అనే పెద్దమనిషి "ఫియర్ పోవాలి మేడమ్, అంతే" అని ఇడ్లీ డబ్బా చేతిలో పెట్టాడు. ఆ మాట కోసమా 2,499?

తిరిగి వచ్చాక డిపాజిట్ 3,000లో 1,800 కోసుకుంటాం అన్నారు. సైలెన్సర్ మీద గీత పడిందట. తెల్లవారుజామున బండి తీసుకునేటప్పుడే ఫోన్ లైటు వేసి చుట్టూ వీడియో తీసిపెట్టుకున్నాను. ఆ గీత అందులో శుభ్రంగా కనపడుతోంది. అయినా అరగంట వాదిస్తే గానీ మొత్తం తిరిగి ఇవ్వలేదు. అద్దెకు తీసుకునేవాళ్ళు ఆ వీడియో తప్పకుండా తీసుకోండి. నంబరు ప్లేటు కూడా చూడండి. సొంతంగా నడుపుకోవడానికి అద్దెకిచ్చే బండికి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుండాలి. తెల్ల ప్లేటు బండి అద్దెకిస్తున్నారంటే దారిలో పోలీసులు ఆపితే సమాధానం చెప్పుకోవాల్సింది మీరే.

నంది కొండే చూడాలనుకుంటే మామూలు రోజు వెళ్ళండి, లేదా కొండ ఎక్కకుండా కిందే ఆగండి. నంది గ్రామంలో భోగనందీశ్వర ఆలయం ఉంది. దారి చదును, జనం తక్కువ, కోనేరు చూడదగ్గది. పక్కనే ముద్దేనహళ్ళి, మోక్షగుండం విశ్వేశ్వరయ్య పుట్టిన ఊరు. ఆ మోక్షగుండం మన గిద్దలూరు వైపుదే. మైసూరు దారి మాత్రం కొత్తవాళ్ళకి నేను చెప్పను. 2023 ఆగస్టు 1 నుంచి ఆ ఎక్స్‌ప్రెస్ వే మీద ద్విచక్ర వాహనాలకి ప్రవేశం లేదు. సర్వీసు రోడ్డులో పోవాలి, అక్కడ ఎదురుగా ఏ ట్రాక్టరు ఎప్పుడొస్తుందో దానికే తెలియదు.

లేపాక్షి ఆలోచన మా ఆడపడుచుది. నంది కొండ కథ విని తిట్టాల్సినంతా తిట్టి, "వదినా, మన షైన్ మీదే పోదాం, వెలుతురొచ్చాక పోదాం" అంది. మా ఆయన కారులో దింపుతానన్నాడు. ఆ మాటతో ఆమెకి ఇంకా పట్టుదల పెరిగింది. ముందు రోజు టైర్లకి గాలి చూపించాను. వెనక మనిషి కూర్చుంటే వెనక టైరుకి గాలి ఎక్కువుండాలి. ఎంతన్నది చైను కవరు దగ్గర స్టిక్కరు మీదో, బండితో వచ్చిన పుస్తకంలోనో ఉంటుంది. ఆమెకి కూడా ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్, ఇద్దరికీ చున్నీలు లేని బట్టలు. చున్నీ చైనులో చిక్కుకుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఆరుంబావుకి బయలుదేరాం. హెబ్బాళ నుంచి చిక్కబళ్ళాపురం దాకా రోడ్డు నున్నగా ఉంది, ఏ ఇబ్బందీ లేదు.

చిక్కబళ్ళాపురం దాటాక 44వ నంబరు జాతీయ రహదారి మీద లారీలు మొదలవుతాయి. నాకు నిజంగా ధైర్యం వచ్చింది అక్కడే. లారీని దాటేటప్పుడు దాని పక్కకి రాగానే గాలి ఒక్కసారి ఆగిపోతుంది, దాని ముందు భాగం దాటగానే పక్క నుంచి తోస్తుంది. హ్యాండిల్ బిగబట్టి పట్టుకుంటే బండి ఊగుతుంది. మోకాళ్ళతో ట్యాంకుని అదుముకుని చేతులు వదులుగా పెడితే ఊగదు. లారీ చక్రాల వైపు చూడకూడదు, చూపెటుంటే బండి అటే పోతుంది. రెండు మూడు లారీలు దాటాక, ఎప్పుడు ఏం తగులుతుందో ముందే తెలియడంతో భయం పోయింది. 55, 60 మధ్యే నడిపాను. వెనక సీటులో ఆడపడుచు పాటలు పాడుతోందంటే పరవాలేదని, నోరు మూసుకుందంటే వేగం ఎక్కువైందని లెక్క.

బ్రేకు మాట కూడా చెప్పాలి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బండ్లకి ఏబీఎస్, అంతకు లోపు వాటికి కనీసం సీబీఎస్ ఉండాలన్నారు. ఏబీఎస్ అంటే బ్రేకు గట్టిగా నొక్కినా చక్రం బిగుసుకుపోకుండా చూసేది. సీబీఎస్ అంటే కాలి బ్రేకు తొక్కితే ముందు చక్రానికీ కొంత బ్రేకు పడుతుంది. సీబీఎస్ ఉంది కదా అని చేతి బ్రేకు మరిచిపోతే మాత్రం బండి ఆగాల్సిన చోట ఆగదు. రెండూ కలిపి, మెల్లగా మొదలెట్టి గట్టిగా నొక్కడం ఖాళీ రోడ్డు మీద చేతికి అలవాటు చేసుకున్నాకే హైవే ఎక్కండి.

బాగేపల్లిలో టీ. కర్ణాటకే అయినా అక్కడ అందరూ తెలుగే మాట్లాడతారు. పెట్రోలు ఇక్కడే పోయించుకోండి. సరిహద్దు దాటితే లీటరు మీద తేడా బాగానే ఉంటుంది. కొడికొండ చెక్‌పోస్టు దగ్గర ఎడమకి తిరిగితే లేపాక్షి రోడ్డు.

ఆ రోడ్డు మీద జాగ్రత్త. కోతల కాలంలో రైతులు ఉలవలు, రాగులు రోడ్డు మీదే పరుస్తారు, వచ్చేపోయే చక్రాలకి గింజ రాలుతుందని. కార్లకి ఏమీ కాదు. రెండు చక్రాల కింద ఆ గడ్డి నూనె పోసినట్టే. దూరం నుంచే వేగం తగ్గించి, రెండో గేరులో, హ్యాండిల్ నిటారుగా పెట్టి, బ్రేకు ముట్టుకోకుండా దాటాలి. ఒకచోట పరుపు మరీ మందంగా ఉంటే చేట పట్టుకున్న పెద్దావిడ కొంచెం పక్కకి నెట్టి దారిచ్చింది. "ఆడపిల్లలు బాగా తోల్తాండారే" అంది. క్యాప్టెన్ గారి సర్టిఫికెట్ కన్నా ఇదే నయం.

లేపాక్షి ఊరు మొదట్లోనే తడికెల హోటలు ఒకటి ఉంది, బోర్డు కూడా లేదు. ఉగ్గాని బజ్జీ ప్లేటు 40 రూపాయలు. ఆమె బొరుగులు నీళ్ళల్లో ముంచడం, రెండు గుప్పిళ్ళతో పిండి పక్కన పెట్టడం నిలబడి చూశాను. ఎక్కువ నానితే ముద్దవుతాయి, నానకపోతే కరకరలాడతాయి. తాలింపులో ఉల్లిపాయ, పచ్చిమిరప, పసుపు వేసి, బొరుగులు కలిపి, చివర పుట్నాల పొడి చల్లి, ఒక నిమ్మకాయ పిండింది. పక్కన నిలువునా చీల్చిన మిరపకాయ బజ్జీలు రెండు, సెనగపిండి అంచులు కరకరలాడుతూ. బెంగళూరులో 120 పెట్టినా ఈ రుచి నాకెక్కడా దొరకలేదు. ఆడపడుచు రెండో ప్లేటు చెప్పింది, తర్వాత నా దాంట్లో బజ్జీ కూడా లాగేసింది. మధ్యాహ్నం మళ్ళీ అక్కడికే వెళ్ళి సంగటి, ఊరిబిండి తిన్నాం, మనిషికి 70.

వీరభద్రస్వామి గుడి, వేలాడే స్తంభం, నాగలింగం, రోడ్డు పక్కన ఒకే రాతిలో చెక్కిన నంది అన్నీ తీరిగ్గా చూశాం. పైకప్పు మీద విజయనగర కాలం రంగుల బొమ్మలున్నాయి, మెడ నొప్పి పుట్టినా చూడండి. స్తంభం కింద గుడ్డ దూర్చే వరుసలో మాత్రం ఎండలో నిలబడక్కర్లేదు.

రాత్రికి హిందూపురం వెళ్ళాం, అక్కడే చెడింది. లాడ్జిలో ఫోన్లో 1,100 అన్నవాడు ఎదురుగా 1,300 అన్నాడు. "మగోళ్ళెవరూ రాలేదా మేడమ్?" అని అడిగాడు. రాలేదన్నాను. "అయితే మీ సారు నంబరియ్యండి, రూలు." అలాంటి రూలు ఎక్కడుందో చూపించమంటే చూపించలేదు. గుర్తింపు కోసం నా లైసెన్సు కార్డు ఇచ్చాను. తిప్పి చూసి, ఎంసీడబ్ల్యూజీ అన్న చోట వేలు పెట్టి, "గేర్ల బండీ మీరే తోల్తారా?" అన్నాడు. ఆడపడుచుకి ఒళ్ళు మండి, "ఆమె తోల్తుంది, నేను రిజిస్టర్లో సంతకం పెడతా, మా అన్న మాత్రం ఇంట్లో అంట్లు తోముకుంటున్నాడు, నంబరు కావాలా?" అంది. తాళం చేతికొచ్చింది. లోపల పార్కింగ్ అన్నది కూడా అబద్ధమే, బండి వీధిలో పెట్టాల్సొచ్చింది. ముందు చక్రానికి డిస్కు లేదు కాబట్టి డిస్కు తాళమూ పనికిరాదు. గొలుసు తాళం మెట్ల కటకటాలకి వేసి పడుకున్నాం, నిద్ర అంతంత మాత్రం. చీకటి పడకముందే లేపాక్షిలోనే గది చూసుకోవడం మేలు. పార్కింగ్ కళ్ళతో చూశాకే డబ్బు కట్టండి.

మొత్తం లెక్క చెప్తాను. సుమారు 280 కిలోమీటర్లకి పెట్రోలు 525, గది 1,300, ఇద్దరి తిండీ టీలూ 610. హైవే టోలు బైకులకి లేదు, పక్క సందులోంచి పోవడమే. తిరుగు ప్రయాణం ఆదివారం పొద్దున్నే పెట్టుకోండి. సాయంత్రం అయితే ఎయిర్‌పోర్టు కార్లు, నంది హిల్స్ కార్లు అన్నీ కలిసి హెబ్బాళ దగ్గర క్లచ్ పట్టుకునే వేళ్ళని విరగ్గొడతాయి. మేం పదకొండున్నరకే దాటేశాం.

ఇంటికొచ్చాక ఆడపడుచు గండికోట అంటోంది, దాదాపు 280 కిలోమీటర్లు ఒకవైపే. వెనక కూర్చోదట, సగం దారి తనే నడుపుతుందట. ఎల్‌ఎల్‌ఆర్ నిన్ననే వచ్చింది. 30 రోజులు నిండితే గానీ టెస్టుకి పిలవరు కాబట్టి గండికోట ఫిబ్రవరికి పోయింది. ఈలోగా నా షైన్ తాళం చెవి ఎక్కడ పెడుతున్నానా అని ఇల్లంతా వెతుకుతోంది.